సార్ కోసం తెప్పించిన భూతద్దం

తొంభైలలో ఆళ్లగడ్డ వార్తలు నంద్యాలకు బస్సులో వెళ్లేవి. మధ్యాహ్నం మూడింటికల్లా రాసినదంతా ఒక పొడవాటి కవరులో పెట్టి, ఫొటో ఉంటే అదీ జతచేసి, పైన ‘ప్రెస్, అర్జెంట్’ అని పెద్దక్షరాలతో రాసి, బస్టాండుకు వెళ్లి డ్రైవరు చేతికిచ్చేవాణ్ణి. ఆయన దాన్ని ముందు అద్దం దగ్గరున్న దేవుడి పటం వెనక దోపేవాడు. బస్సు సిరివెళ్ల దాటి నంద్యాల చేరాక మా ఆఫీసు మనిషి వచ్చి అడిగి తీసుకునేవాడు. రసీదు ఉండదు, లెక్కాపత్రం ఉండదు. టైరు పంక్చరైతే కవరు ఆలస్యమయ్యేది. డ్రైవరు మరిచిపోతే నంద్యాల దాటి బస్సు ఆఖరి ఊరి దాకా వెళ్లి మర్నాడు తిరిగొచ్చేది. కానీ చేరేది.

ఒక్కసారి మాత్రం ఇక చేరదనుకున్నాను. పల్లెలో ఒక ఎద్దు బావిలో పడితే ఊరంతా కలిసి పైకి తీసిన వార్త అది. సాయంత్రం దాకా నంద్యాల నుంచి అందలేదంటూ ఫోన్ల మీద ఫోన్లు. కంగారుపడి మళ్లీ రాసి రెండో బస్సులో పంపాను. తీరా చూస్తే రెండూ చేరాయి. రెండూ అచ్చయ్యాయి, ఒకే రోజు, ఒకే పేజీలో, పైనొకటి కిందొకటి. వారం పాటు టీ కొట్టు దగ్గర నేను కనపడితే చాలు, “ఏమప్పా రిపోర్టరూ, బావిలో ఎద్దు ఒకటే పడెనా, రెండు పడెనా?” అని అడిగేవారు. ఆలస్యమైనదాని కోసం ఓపిగ్గా కూర్చోవాలి తప్ప రెండోది పంపకూడదని ఆ వారంలో నేర్చుకున్నాను. నేర్చుకోకుండా ఉంటే బాగుండేదని చాలా ఏళ్ల తర్వాత అనిపించింది.

అప్పట్లో నేను చర్చి వెనక సందులో ఒక రిటైరైన టీచరు గారి ఇంట్లో పక్క గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. మిషన్ బడిలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన మనిషి. ఊళ్లో అందరికీ సారే, నాకూ సారే. భార్య పోయారు, పిల్లలు లేరు. భర్త పోయిన చెల్లెలు వచ్చి ఇల్లు చూసుకునేది. ఆమెను నేను అక్కా అనేవాణ్ణి. నేను పెళ్లి చేసుకోలేదు. దానికి చెప్పుకోదగ్గ కథేమీ లేదు, చూస్తూండగానే వయసు దాటింది.

సార్ పొద్దున్నే ప్రార్థన ముగించుకుని వరండాలో కుర్చీ వేసుకుని పత్రిక తెరిచేవారు. చేతిలో ఎర్ర పెన్సిలు ఉండేది. ముందు నా వార్త చదివేవారు. తర్వాతే రాష్ట్రం, దేశం. నేను స్నానం చేసి వచ్చేసరికి మడిచిన పత్రిక నా గడప మీద ఉండేది, అక్కడక్కడా ఎర్ర గీతలతో.

“ప్రజానీకం అని రాసినావేమప్పా నిన్న?” అనేవారు. “ఆడుండింది ఎంతమంది?”

“పదకొండు మంది సార్.”

“పదకొండు మందిని ప్రజానీకమంటారా? పదకొండు మంది అని రాయి. అచ్చు ఖర్చు తగ్గుతాది.”

లోపలినుంచి అక్క నవ్వు వినపడేది. “పాపం, ఆ పిల్లోణ్ణి ఇంకా బళ్లోనే పెట్టుకోనుండాడు మా అన్న” అనేది. నాకప్పటికి నలభై దాటాయి.

రెండు వేల సంవత్సరం తర్వాత నన్ను నంద్యాల ఆఫీసులో డెస్కులో, వచ్చిన వార్తలు దిద్దే పనిలో వేశారు. అక్కడే ఒక గది తీసుకున్నాను. గదిలో మంచం, స్టవ్, రేడియో ఉండేవి. మాట్లాడే మనిషి లేడు. డెస్కులో ఉన్నా వారానికి ఒకటో రెండో వార్తలు నేనే ఊళ్లు తిరిగి రాసేవాణ్ణి. మంగళవారం సెలవు. సోమవారం సాయంత్రం బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లేవాణ్ణి, బుధవారం పొద్దున తిరిగొచ్చేవాణ్ణి. సార్ వారం రోజుల పత్రికలూ గీతలు పెట్టి ఉంచేవారు. మంగళవారమంతా వరండాలో కూర్చుని వాటి గురించి మాట్లాడుకునేవాళ్లం. మా పత్రికను ఎంతోమంది చదువుతారని మేనేజరు మీటింగుల్లో చెప్పేవాడు. నేను రాసింది మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారని నాకు తెలిసింది మాత్రం ఒక్క మనిషే.

నంద్యాల ఆఫీసు గురించి ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. మా ప్రాంతంలో కవులెక్కువ. రిటైరైన గుమాస్తాలు, మాస్టర్లు, ఎరువుల కొట్టు యజమానులు తమ డబ్బుతో పుస్తకాలు వేసుకుని, సమీక్ష కోసం నా పేరు మీద పార్సెల్ చేసేవారు. తర్వాత ఫోన్ చేసేవారు. ఆ తర్వాత స్వయంగా వచ్చి ఎదురుగా కూర్చునేవారు. ముఖం మీద కాదని చెప్పడం నాకు చేతకాదు. అందుకని మా అటెండరుతో ఒక ఏర్పాటు చేసుకున్నాను. ఆయన బండి ఆత్మకూరు వైపు మనిషి, నాకంటే పెద్దవాడు, చెప్పిన మాట చెప్పినట్టు చేస్తాడు. “నా పేరు మీద పుస్తకమొస్తే సంతకం పెట్టి తీసుకో. వెనక బీరువాలో పెట్టెయ్. నా టేబుల్ మీదికి తేవద్దు, వచ్చిందని నాకు చెప్పనూ వద్దు. ఎవరన్నా అడిగితే ఇంకా రాలేదను” అన్నాను. అప్పుడు నేను చూడలేదని చెబితే అది అబద్ధం కాదు. ఆ ఏర్పాటు నాలుగేళ్లు చక్కగా నడిచింది.

సార్ కళ్లు దెబ్బతింటున్నాయని మొదట చెప్పింది ఎర్ర పెన్సిలే. గీతలు వంకరపోయాయి. మాట కింద ఉండాల్సిన గీత మాట మీదుగా పోయేది. ఒక మంగళవారం ఆయన పత్రికను మొహానికి దగ్గరగా, పక్కకు తిప్పి పట్టుకుని ఉండటం చూశాను. నంద్యాల తీసుకొచ్చి కళ్ల డాక్టరుకు చూపించాను.

డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. “మధ్య చూపు పోతోంది. ఆపరేషన్‌తో వచ్చేది కాదు. దీపం ఉండే పెద్ద భూతద్దం ఒకటుంది, కాగితం మీద దానంతటదే నిలబడుతుంది. ఇప్పుడు తెచ్చుకుంటే ఒక ఆరు నెలలు చదువుకుంటారు. ఆ తర్వాత ఆ అద్దంతో కూడా లాభం ఉండదు.”

చేత్తో పట్టుకునే భూతద్దాలు నంద్యాలలో దొరికేవి. ఎక్కువసేపు పట్టుకుంటే సార్‌కు చేతులు వణికేవి, అవి పనికిరాలేదు. హైదరాబాదులో మా పత్రిక వాళ్ల చేత రెండు మూడు షాపుల్లో అడిగించాను. కేటలాగు పుస్తకంలో బొమ్మ చూపించారు గానీ సరుకు లేదన్నారు. డాక్టరే ఒక చీటీ మీద ఇంగ్లండులో ఉన్న ఒక షాపు ఇంటర్నెట్ అడ్రసు రాసిచ్చాడు.

సంజీవనగర్ గేటు దగ్గర అప్పట్లో ఒక నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ అరల్లో అయిదు కంప్యూటర్లు. పిల్లలు పరీక్షల రిజల్టులు చూసుకోవడానికి వచ్చేవారు. యజమానికి క్రెడిట్ కార్డు ఉంది, నాకు లేదు. ఆయనే ఫారం నింపడానికి కూర్చున్నాడు. నేను ఆళ్లగడ్డ అడ్రసు చెప్పాను.

“చర్చి వెనక సందు సరేన్నా, డోర్ నంబరెంత?”

“నంబరెందుకప్పా? సార్ ఇల్లంటే పోస్టుమాన్ కళ్లు మూసుకుని పోతాడు.”

“పోస్టుమాన్‌కు అక్కర్లేదన్నా, దీనికి గావల్ల. నంబరు లేకుంటే ముందుకు పోనిస్తాలేదు.”

ఆ ఇంటికి నంబరు ఎవరికీ తెలియదు. చివరికి నంద్యాల ఆఫీసు అడ్రసు, నా పేరు ఇచ్చాను. రోజంతా అక్కడే ఉంటాను, చేతికే అందుతుంది అనుకున్నాను. నెల లోపల చేరుతుందని తెరమీద వచ్చింది. ఆ మంగళవారం సార్‌కు చెప్పాను.

“ఇంగ్లండు నుంచా?” అన్నారాయన. “ఆ దేశం నుంచి మా ఇంటికి ముందు బైబిలొచ్చింది. ఇప్పుడు దాన్ని చదివేదానికి అద్దమొస్తాంది. మంచిదే.”

పార్సెల్ బయల్దేరిందని ఈమెయిల్ వచ్చింది. దానికో నంబరిచ్చారు. నెట్ సెంటర్‌కు వెళ్లి ఆ నంబరు కొడితే పార్సెల్ ఎక్కడుందో కనపడుతుంది. షాపు వదిలింది, విమానాశ్రయం చేరింది, దేశం దాటింది. అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు కొట్టినా దేశం దాటిందనే. సముద్రం మీద ఎక్కడో ఆగిపోయినట్టు ఉండేది. ఆఫీసుకు వెళ్లే ముందు రోజూ అక్కడ పది నిమిషాలు కూర్చుని అదే వాక్యం చూసి వచ్చేవాణ్ణి. యజమాని నన్ను చూడగానే అడక్కుండా చివరి కంప్యూటర్ వైపు చెయ్యి చూపించేవాడు.

ఆఫీసులో అడుగు పెడుతూ అటెండరును అడిగేవాణ్ణి. “ఇంగ్లండు నుంచి ఒక మిషను రావాలి. వచ్చిందా?”

“రాల్యా సార్.”

మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. తర్వాత తర్వాత నేను కనుబొమ్మలెత్తితే చాలు, ఆయన తల అడ్డంగా ఊపేవాడు. పోస్టాఫీసుకు కూడా వెళ్లి వచ్చాను. కౌంటర్లో ఆయన, “ఫారిన్‌దైతే మద్రాసులో విప్పి చూసి పంపుతారు సార్, ముందూ వెనకా అయితాది” అన్నాడు. అదీ నిజమే అనిపించింది.

రెండు నెలలు దాటాక షాపుకు రాశాను. అక్కడినుంచి ఒకామె జవాబిచ్చింది. చాలా మర్యాదగా రాసింది. దారిలో పోయి ఉండవచ్చు, డబ్బేమీ తీసుకోకుండా రెండోది వెంటనే పంపుతాం, సరేనా అని అడిగింది. నెట్ సెంటర్లో ఆ ఉత్తరం ముందు చాలాసేపు కూర్చున్నాను. నాకు బావిలో పడిన ఎద్దు గుర్తొచ్చింది. ఇవాళ రెండోది పంపమంటే రేపు మొదటిది వస్తుంది. ఎక్కడో దూరదేశంలో ఉన్న మనిషి ముందు తొందరపాటు మనిషిగా కనపడటం ఎందుకు? మా దగ్గర టపా ఆలస్యమవుతుంది, కానీ చేరుతుంది, ఇంకొన్నాళ్లు చూద్దాం అని రాశాను. మీ ఓపికకు కృతజ్ఞతలు అని ఆమె రాసింది.

ఆ మంగళవారాలు గడవడం కష్టమైంది. సార్ పెన్సిలు పట్టుకోవడం మానేశారు. వారం పత్రికలన్నీ మడత విప్పకుండా ఒక మూల ఉండేవి. అక్క మూడో తరగతి దాకా చదివింది. ఆమె వరండా మెట్టు మీద కూర్చుని పెద్దక్షరాలు కూడబలుక్కుని చదివేది. “కుం... దూ... న... ది... కి... నీరు...” అని ఆమె ఆగితే సార్ “చాలులే” అనేవారు. నేను చదువుతానంటే వద్దన్నారు. “నీది నువ్వే చదివితే తప్పు యాడ దొరుకుతాదప్పా? నీ నోటికి అంతా బాగనే ఉంటాది.”

“ఆ ఇంగిలీషోళ్లు మిషను నెత్తిన పెట్టుకోని నడిచొస్తాండారేమో” అనేది అక్క. “తొందరగా పోయి ఎదురుకోపో, అహోబిలం కాడ కనపడతారు.”

సార్ నవ్వేవారు. “నీ కవరు ఇంకా బస్సెక్కల్యా?” అని నన్నడిగేవారు. “ఎక్కింది సార్, దారిలో ఉంది” అనేవాణ్ణి. ఒకసారి నవ్వు ఆగాక, పక్కకు చూస్తూ, “ఇప్పుడు కిటికీ తెలుస్తాంది గానీ, కిటికీ ఊచలు తెలియడం లేదు” అన్నారు. నంద్యాల తిరిగొచ్చే బస్సులో డాక్టరు చెప్పిన నెలలు వేళ్ల మీద లెక్కపెట్టాను. నాలుగో నెల సగం దాటింది.

అయిదో నెలలో అవుకు నుంచి ఒక కవి వచ్చాడు. రిజర్వాయరు దగ్గర ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, ఖద్దరు సంచి, మెడలో కండువా. ఎదురుగా కూర్చుని నీళ్లు అడిగి తాగాడు.

“నా పుస్తకం సంగతి సార్.”

“నేను ఇంకా చూడలేదండీ.”

“తెల్సు. సంవత్సరం నుంచి అదే చెప్తాండారు. సమీక్ష వద్దు ఏమొద్దు. ఇంట్లో చెదలు పట్టి ప్రతులన్నీ పోయినాయి. మీకు పంపినదొకటే మిగిలుండాది. అది ఇచ్చేయండి, పోతా.”

ఆ మనిషి ముందు సిగ్గనిపించింది. అటెండరును పిలిచి తాళం తీసుకుని నేనే బీరువా దగ్గరకు వెళ్లాను. నాలుగేళ్లలో నేను దాన్ని తెరవడం అదే మొదటిసారి. తలుపు తీయగానే రెండు పార్సెళ్లు కాళ్ల మీద పడ్డాయి. అరలన్నీ గోధుమరంగు కాగితాలు, సుతిలి తాళ్లు. కవి నా పక్కనే నేల మీద కూర్చుని తన చేతిరాత వెతకడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతున్నాను. మూడో అరలో, పైనుంచి కొంచెం కింద, మందమైన అట్టపెట్టె ఒకటి చేతికొచ్చింది. నిఘంటువంత ఉంది. పైన నా పేరు టైపు చేసి ఉంది. మూలన రాణి బొమ్మ ఉన్న స్టాంపులు.

నంద్యాల పోస్టాఫీసు ముద్ర స్పష్టంగా పడింది. నేను డబ్బు కట్టిన పద్దెనిమిదో రోజున వచ్చింది అది.

“అదెవరి పుస్తకం సార్?” అని కవి అడిగాడు.

“నాదే” అన్నాను.

అటెండరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పెట్టె వైపు, నా వైపు చూశాడు. ఆయనకు సంగతి అర్థమైంది.

“పుస్తకమనుకుంటి సార్. మీరు మిషనంటిరి. మిషనంటే కుట్టు మిషనంత పెట్టెలో వచ్చాదనుకుంటి.” కింద పడ్డ పార్సెల్ ఒకటి తీసి పైన పెడుతూ, “పుస్తకాలొస్తే మీకు చెప్పొద్దని మీరే చెప్తిరి కద సార్” అన్నాడు.

అవును, నేనే చెప్పాను. నాలుగు నెలల పైన ప్రతిరోజూ నేను అడిగితే, ఎవరడిగినా చెప్పమన్న మాటే ఆయన నాకూ చెప్పాడు. ఆయన్ను ఒక్క మాట అనడానికి లేదు. కవి పుస్తకం కింది అరలో దొరికింది. ఆయన దాన్ని తుడిచి సంచిలో పెట్టుకుని, నాకు నమస్కారం చేసి వెళ్లిపోయాడు. నేను ఆ పూట సెలవు పెట్టి ఆళ్లగడ్డ బస్సెక్కాను. పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాను. ఎంతో బరువు లేదు.

సోమవారం కాని రోజు నన్ను చూసి అక్క కంగారు పడింది. పెట్టె చూసి, “వచ్చెనా తుదకు!” అంది. వరండాలో కుర్చీ ముందు స్టూలు వేసి, దాని మీద ఆ రోజు పత్రిక పరిచాను. అద్దం చాలా అందమైన వస్తువు. నాలుగు పొట్టి కాళ్లు, లోపల చిన్న దీపం. సెల్స్ వేసి మీట నొక్కితే కాగితం మీద తెల్లటి వెలుగు గుండ్రంగా పడింది. దాని కింద అక్షరాలు రేగుపండ్లంత కనపడ్డాయి. నాకు.

సార్ వంగి చూశారు. తల ఒక పక్కకు వాల్చారు, ఇంకో పక్కకు వాల్చారు. అద్దాన్ని ముందుకు జరిపారు, వెనక్కి జరిపారు. అక్కా నేనూ చెరో పక్క వంగి నిలబడ్డాం.

“కనపడుతోందా సార్?”

“వెలుతురు బాగుండాదప్పా.”

“అచ్చరాలు తెలుస్తాండాయా అని అడిగితే ఎలుతురు సంగతి చెప్తావేందన్నా?” అంది అక్క.

“నువ్వుండు. కొత్త వస్తువు. అలవాటు కావల్ల.” ఆయన అద్దం మీదనుంచి చెయ్యి తీయలేదు. “ఇన్నాళ్లు యాడుండిందంటప్పా ఇది?”

“మద్రాసులో ఆగిపోయింది సార్” అన్నాను. దారి పొడవునా అనుకుంటూ వచ్చిన మాట అది కాదు. నోట్లోంచి అదే వచ్చింది.

“పోనీలే” అన్నారాయన. “నీ చేతిలో ఉండేదా ఏమన్నా?”

అప్పుడైనా చెప్పాల్సింది. అక్క కాఫీ తెస్తానని లోపలికి వెళ్లింది. సందులో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. ఆ శబ్దం సందు చివరిదాకా విన్నాను.

“ఈడ పెట్టు. రేపు పొద్దున నిదానంగా చదువుతా” అన్నారు సార్.

మర్నాడు నేను లేచి వచ్చేసరికి నా పాత గది గడప మీద మడిచిన పత్రిక ఉంది. ఆయన అప్పటికే వరండాలో కూర్చుని ఉన్నారు, స్నానం చేసి, తల దువ్వుకుని. అద్దం దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఆర్పడం మరిచిపోయారేమో, వెలుగుతోందో లేదో తెలియలేదేమో.

“మూడుండాయి చూడప్పా” అన్నారు. గొంతు బడిలో లాగానే ఉంది. “ఎన్నిసార్లు చెప్పినా అవే తప్పులు. దిద్దుకో.”

“దిద్దుకుంటా సార్” అన్నాను. విప్పకుండానే అన్నాను.

బస్సు ఊరు దాటాక విప్పాను. మూడు ఎర్ర గీతలున్నాయి. ఒకటి ఎరువుల ప్రకటన మీద పడింది. ఒకటి రెండు కాలమ్‌ల మధ్య ఖాళీలో ఉంది. మూడోది ట్రాక్టరు ఫొటో మీదుగా పోయింది. గట్టిగా, నమ్మకంగా గీసిన గీతలే. నా వార్త పేజీ కింద, ఎడమవైపు ఉంది. దాని దగ్గరకు పెన్సిలు రాలేదు.

సిరివెళ్ల వచ్చేదాకా దాన్ని చదువుతూ కూర్చున్నాను. కాలువకు నీళ్లు వదలాలని రైతులు గట్టు మీద కూర్చున్న వార్త. రెండో పేరాలో ‘రైతాంగం’ అని రాశాను. ఆ రోజు గట్టు మీద ఉన్నది తొమ్మిది మంది. జేబులో చూసుకుంటే నీలం పెన్ను ఉంది. దాంతోనే ఆ మాట కింద గీత గీసి, పత్రిక మడిచి ఒళ్లో పెట్టుకున్నాను.